కేర్‌క్రెడిట్ రివ్యూ: అమెరికాలో వెట్ బిల్లుకు ఈ కార్డు ఎప్పుడు వాడాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

కుక్క సాక్సు మింగి పేగులో అడ్డం పడితేనో, మగపిల్లికి మూత్రం బిగబట్టిపోతేనో ఆలోచించుకోవడానికి రోజులుండవు, గంటలే ఉంటాయి. అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆసుపత్రికి పరుగెడితే డాక్టరు చూస్తారు. కాసేపటికి టెక్నీషియన్ ఒక కాగితం పట్టుకుని వస్తారు. దాని పేరు ఎస్టిమేట్. అందులో రెండు అంకెలుంటాయి: తక్కువైతే ఇంత, ఎక్కువైతే ఇంత. చాలాచోట్ల ఆ తక్కువ అంకె మొత్తాన్నో, అందులో సగాన్నో చికిత్సకు ముందే డిపాజిట్ కట్టమంటారు. మన ఊళ్లో పశువుల ఆసుపత్రికి నామమాత్రపు చీటీ డబ్బులతో వెళ్లొచ్చిన అలవాటున్న వాళ్లకి ఆ అంకె చూడగానే గుండె జారిపోతుంది. సరిగ్గా ఆ కౌంటరు మీదే కేర్‌క్రెడిట్ అనే క్రెడిట్ కార్డు బ్రోషర్ కనబడుతుంది: ఆరు నెలల్లో కట్టేస్తే వడ్డీ లేదు, పన్నెండు నెలల్లో కట్టేస్తే వడ్డీ లేదు అని.

ఆ రాత్రి గట్టెక్కడానికి కేర్‌క్రెడిట్ నిజంగా పనికొస్తుంది. అయితే దాన్ని సాయం అనుకుని తీసుకున్నవాళ్లు దెబ్బతింటారు. అది అప్పు. గడువు ఒక్క రోజు దాటినా మొదటి రోజు నుంచీ వడ్డీ లెక్కగట్టి మీద వేసే అప్పు. ఇంకో ముఖ్యమైన సంగతి: కార్డు గీకి చికిత్స చేయించేశాక, తిరిగి కట్టక్కర్లేని సాయాలు కొన్ని ఇక దొరకవు. అందుకే కార్డు గురించి ఎంత చెప్పాలో, దాన్ని ఏ వరుసలో వాడాలో కూడా అంతే చెప్పాలి.

ముందు కార్డు సంగతి. 1987లో మొదలైన కేర్‌క్రెడిట్‌ను ఇప్పుడు ఇస్తున్నది సింక్రొనీ బ్యాంకు. పళ్ల డాక్టర్లు, కళ్ల డాక్టర్లు, వెట్ ఆసుపత్రులు, ఇలా ఆరోగ్యానికి సంబంధించిన చోట్లే చెల్లుతుంది. ఫోన్లోనే అప్లై చేయొచ్చు, జవాబు నిమిషాల్లో వస్తుంది. మొదట ప్రీక్వాలిఫై అని ఒక మెట్టు ఉంటుంది. అక్కడ ఎంత లిమిట్ వస్తుందో చూసుకోవడం వల్ల క్రెడిట్ స్కోరు తగ్గదు. ఆ ఆఫర్ ఒప్పుకుని అసలు అప్లికేషన్ పంపాకే హార్డ్ ఇంక్వైరీ, అంటే స్కోరును కొంచెం తగ్గించే విచారణ, పడుతుంది. కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఖాతా నంబరుతో అప్పటికప్పుడు ఆసుపత్రిలో కట్టేయొచ్చు. కార్డు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి ఇండియాలో ఉన్నా ఇబ్బంది లేదు. ఆన్‌లైన్లో ప్రొవైడర్ పేరు వెతికి అక్కడి నుంచే కట్టే సదుపాయం చాలా ఆసుపత్రులకు ఉంది.

200 డాలర్లు, ఆపైన ఉన్న బిల్లులకు 6, 12, 18, 24 నెలల ప్రమోషన్లు ఉంటాయి. ప్రతి ఆసుపత్రీ అన్నీ ఇవ్వదు. గడువు ఎంత పొడవైతే ఆసుపత్రి సింక్రొనీకి కట్టాల్సిన ఫీజు అంత పెరుగుతుంది కాబట్టి చాలా క్లినిక్కులు 6 నెలలతోనే సరిపెడతాయి. ఇంకొన్ని ఫలానా మొత్తం దాటితేనే 12 నెలలు ఇస్తాయి. రిసెప్షన్లో అమ్మాయి ఏది చెబితే అది ఒప్పుకోకుండా "పన్నెండు నెలల ప్లాన్ ఉందా?" అని నోరు తెరిచి అడగాలి. అడిగితే ఇచ్చే చోట్లూ ఉన్నాయి. ఇంకా ముఖ్యం, రసీదు మీద ప్రమోషన్ పేరు, నెలల సంఖ్య అచ్చయి ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోవాలి. పొరపాటున మామూలు కొనుగోలుగా గీకితే ప్రమోషన్ వర్తించదు, మామూలు రేటే. ఆ మర్నాడు సరిచేయించుకోవడం తేలిక, మూడు నెలల తరవాత చాలా కష్టం.

ఆ మామూలు రేటు కొత్త ఖాతాలకు 32.99 శాతం ఏపీఆర్, అంటే ఏడాది వడ్డీ రేటు. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రెండు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీ. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటేనే అయ్యో అంటాం.

ఇప్పుడు అసలు మెలిక. "నో ఇంటరెస్ట్ ఇఫ్ పెయిడ్ ఇన్ ఫుల్" అన్న మాటలో బరువంతా చివరి మూడు పదాల మీదే ఉంది. దీన్ని డిఫర్డ్ ఇంటరెస్ట్ అంటారు. వడ్డీ మొదటి రోజు నుంచే లోపల పేరుకుంటూ ఉంటుంది, మీ మీద వేయకుండా పక్కన పెడతారంతే. గడువులోగా అసలు మొత్తం తీరితే దాన్ని కొట్టేస్తారు. పైసా మిగిలినా అన్ని నెలల వడ్డీ ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది. మిగిలిన బాకీకి మాత్రమే వేస్తారనుకుంటే పొరపాటు.

3,000 డాలర్ల బిల్లు, 12 నెలల గడువు అనుకుందాం. నెలకు 200 చొప్పున బుద్ధిగా కట్టారు. ఏడాదికి 2,400 అయింది, 600 మిగిలింది. ఆ 600 పక్కన ఇంకో ఏడువందలకు అటూఇటూగా వడ్డీ వచ్చి కూర్చుంటుంది. కట్టాల్సింది రెట్టింపు దాటిపోయింది. ఇంకా బాధాకరమైన లెక్క ఇదీ: నెలకు 245 కట్టారు, గడువు నాటికి మిగిలింది 60 డాలర్లు. దానికి పడే వడ్డీ ఆరువందల దరిదాపుల్లో ఉంటుంది. అరవై డాలర్ల బాకీకి ఆరువందలు! అందుకే బిల్లును 12తో భాగించకూడదు, 11తో భాగించాలి. 3,000కి నెలకు 273 డాలర్లు. ఆరు నెలల ప్లాన్ అయితే అయిదుతో భాగించి 600. చివరి నెలను ఖాళీగా ఉంచుకోవడం ఎందుకంటే, గడువు తేదీ, స్టేట్‌మెంట్ డ్యూ డేటు ఒకటే కానక్కర్లేదు. పన్నెండో వాయిదాను డ్యూ డేటు చూసుకుని కట్టామనుకునేలోపు ప్రమోషన్ నాలుగు రోజుల ముందే ముగిసిపోయిన సందర్భాలుంటాయి.

మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోతే చాలుననే ధీమా ఈ కార్డు విషయంలో పనికిరాదు. స్టేట్‌మెంట్లో కనిపించే కనీస మొత్తం గడువులోగా అప్పు తీర్చేలా లెక్కకట్టింది కాదు, ఆ మాట వాళ్ల షరతుల్లోనే ఉంది. ఆటోపే పెట్టుకునేటప్పుడు "మినిమమ్ డ్యూ" ఎంచుకున్నవాళ్లే ఎక్కువగా మునుగుతారు. నెలనెలా డబ్బులు పోతున్నాయి కదా అని ఖాతా తెరిచి చూడరు. ఆటోపేలో స్థిరమైన మొత్తం పెట్టే వీలుంది. పైన వేసుకున్న 273నే అక్కడ పెట్టండి.

రెండో ప్రమాదం బిల్లులు ముక్కలు కావడంలో ఉంది. ఎమర్జెన్సీలో రాత్రి 1,500 డిపాజిట్ గీకుతారు, రెండు రోజుల తరవాత డిశ్చార్జి రోజున ఇంకో 1,500. పది రోజులకు కుట్లు విప్పడానికి వెళితే 140. మీకు అది ఒకే జబ్బు, ఒకే బిల్లు. సింక్రొనీకి అవి మూడు వేరువేరు కొనుగోళ్లు. మొదటి రెండింటికి వేరువేరు గడువు తేదీలు. మూడోది 200 లోపుది కాబట్టి దానికి ప్రమోషనే లేదు. మీరు నెలకు కట్టే డబ్బులో కనీస మొత్తం కంటే పైన ఉన్నది చట్టం ప్రకారం ఎక్కువ వడ్డీ రేటున్న బాకీకి ముందు వెళ్లాలి. మామూలు రోజుల్లో అది వినియోగదారుడికి మంచి నిబంధనే. ఇక్కడ మాత్రం మీరు తీరుస్తున్నాననుకున్న ప్రమోషన్ బాకీ కదలకుండా కూర్చునే అవకాశం ఉంది. గడువు ముగిసే ముందు రెండు బిల్లింగ్ సైకిళ్లలో మాత్రం ఆ అదనపు డబ్బు ముగియబోతున్న బాకీకే ముందు వెళ్లాలని నిబంధన. అంతకుముందే అలా కావాలంటే ఫోన్ చేసి "ఫలానా ప్రమోషన్‌కి వేయండి" అని అడగాలి. బ్యాంకు అలా చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. వీలైతే 140 లాంటి చిన్న బిల్లులు ఈ కార్డు మీద పెట్టనే వద్దు, మామూలు డెబిట్ కార్డుతో కట్టేయండి. ఖాతాలో లాగిన్ అయితే ప్రతి ప్రమోషన్‌కీ ముగింపు తేదీ విడిగా కనిపిస్తుంది. ఆ తేదీలను ఆ రోజే ఫోన్ క్యాలెండర్‌లో రెండు నెలల ముందు అలారంతో రాసుకోండి. ఒక వాయిదా పొరపాటున ఆలస్యమైతే లేట్ ఫీజు పడుతుంది గానీ ప్రమోషన్ వెంటనే పోదు. 60 రోజులు దాటితే తీసేసే హక్కు వాళ్లకుంది.

ఈ డిఫర్డ్ ఇంటరెస్ట్ గొడవ కొత్తది కాదు. అప్పట్లో ఈ కార్డు జీఈ క్యాపిటల్ చేతిలో ఉండేది. డాక్టర్ల ఆఫీసుల్లో షరతులు సరిగా చెప్పకుండా కార్డులు అంటగట్టారని అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ, అంటే సీఎఫ్‌పీబీ, 2013 డిసెంబరులో 3.41 కోట్ల డాలర్ల వరకు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. అదే సంస్థ 2023 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం 2018 నుంచి 2020 దాకా మూడేళ్లలో ఇలాంటి వైద్య కార్డులు, అప్పుల మీద జనం కట్టిన డిఫర్డ్ ఇంటరెస్ట్ 100 కోట్ల డాలర్లు. ఇప్పుడు షరతులు మునుపటికంటే స్పష్టంగా రాస్తున్నారు. కానీ నొప్పితో మూలుగుతున్న కుక్క పక్కన నిలబడి ఎంతమంది ఆ అక్షరాలు చదవగలరు? అందుకే ఇంట్లో, తీరిగ్గా ఉన్నప్పుడే తెలుసుకుని ఉండాలి.

11 నెలల్లో తీర్చలేమని ముందే తెలిస్తే ఇదే కార్డులో ఇంకో దారి ఉంది, దాని గురించి కౌంటరు దగ్గర తక్కువగా చెబుతారు. 1,000 డాలర్లు, ఆపైన ఉన్న బిల్లులకు తగ్గించిన రేటుతో స్థిర వాయిదాలు: 24 నెలలకు 17.90 శాతం, 36కు 18.90, 48కి 19.90. 2,500, ఆపైన అయితే 60 నెలలు 20.90 శాతానికి. మన లెక్కలో రూపాయిన్నర వడ్డీ. 3,000 డాలర్లను 24 నెలలకు తీసుకుంటే నెలకు 150, మొత్తం వడ్డీ 590 చిల్లర. తక్కువేమీ కాదు. కానీ ఇందులో దాపరికం లేదు, గడువు దాటితే నెత్తిన పడేది లేదు, ప్రతి వాయిదాతో అసలు తగ్గుతుంది. నెలకు 200 మాత్రమే కట్టగలిగినవాళ్లకి "వడ్డీ లేని" 12 నెలల ప్లాన్ కంటే ఈ వడ్డీ ఉన్న 24 నెలల ప్లానే చవక. పైన చూసిన ఏడువందల లెక్క పక్కన పెట్టుకుని చూడండి.

ఇక కార్డు ఎవరికి వస్తుంది? ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయి, ఒకటో రెండో కార్డులు సక్రమంగా కడుతున్న హెచ్1బీ వాళ్లకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. వచ్చి ఆరు నెలలే అయినవాళ్లకి తిరస్కరణో, బిల్లులో సగానికీ చాలని లిమిట్టో వస్తుంది. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి వర్క్ పర్మిట్ లేనివాళ్లకి సాధారణంగా ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉండదు కాబట్టి భార్యాభర్తల్లో ఉద్యోగం చేసేవాళ్ల పేరు మీదే పెట్టాలి. వర్క్ పర్మిట్ వచ్చి ఎస్ఎస్ఎన్ ఉండీ ఇంకా ఉద్యోగం లేనివాళ్లు 21 ఏళ్లు దాటినవాళ్లయితే, తమ చేతికి అందే ఇంటి ఆదాయాన్ని అప్లికేషన్లో చూపొచ్చు, అది తప్పేం కాదు. జాయింట్‌గా కూడా పెట్టుకోవచ్చు. అప్పుడు బాధ్యత ఇద్దరిదీ. చదువుకోవడానికి వచ్చి క్యాంపస్ ఉద్యోగం కూడా లేని విద్యార్థులకు ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. వాళ్లు కింద చెప్పబోయే గ్రాంట్ల వైపు చూడాలి. ఇంకో సంగతి, ఇల్లు కొనడానికి లోన్ పెట్టబోతున్నవాళ్లు జాగ్రత్త. 3,500 లిమిట్ ఉన్న కార్డులో 3,000 వాడితే యుటిలైజేషన్ (లిమిట్లో వాడిన వాటా) పెరిగి స్కోరు తగ్గొచ్చు, అది లోన్ రేటు మీద పడొచ్చు.

కార్డు గీకే ముందు చేయాల్సినవి

రెడ్‌రోవర్ అనే సంస్థ కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కేంద్రంగా పనిచేస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన పెంపుడు జంతువులకు అర్జెంట్ కేర్ గ్రాంట్ ఇస్తుంది. ఒక్కో గ్రాంటు సుమారు 250 డాలర్లు. తిరిగి కట్టక్కర్లేదు. కానీ షరతు గట్టిది: రోగ నిర్ధారణ అయి ఉండాలి, డాక్టరు రాసిన చికిత్స ప్లాన్ ఉండాలి, చికిత్స మాత్రం ఇంకా అయిపోయి ఉండకూడదు. జరిగిపోయిన చికిత్స బిల్లుకు ఒక్క డాలరూ ఇవ్వరు. జవాబుకు సాధారణంగా ఒకటి రెండు పని దినాలు పడుతుంది. ముందు కార్డు మీద కట్టేసి తరవాత గ్రాంట్లు వెతుక్కుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఆదాయ పరిమితి కూడా ఉంది కాబట్టి ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన ఇంటికి రాదు. విద్యార్థులు, లేఆఫ్‌లో ఉద్యోగం పోయినవాళ్లు తప్పకుండా పెట్టాలి.

గంటల్లో తేలాల్సిన ఆపరేషన్‌కి ఇది అందదు కదా అంటే, కొంతవరకు నిజం. కానీ చాలా కేసుల్లో రాత్రికి ప్రాణం నిలబెట్టడం వేరు, అసలు చికిత్స వేరు. ఆ మధ్యలో దొరికే ఒకటి రెండు రోజులే గ్రాంటు అప్లికేషన్‌కి సమయం. అప్లికేషన్‌కి ఎస్టిమేట్ కాపీ, డయాగ్నసిస్ రాసిన కాగితం, ఆదాయం రుజువు, జంతువు ఫోటో చేతిలో పెట్టుకోండి. ఆసుపత్రి మేనేజరు పేరు, ఈమెయిల్ కూడా రాసుకోండి. సంస్థలు ఆసుపత్రితో నేరుగా మాట్లాడతాయి, డబ్బు కూడా మామూలుగా ఆసుపత్రికే వెళుతుంది. ఆసుపత్రి ఫోన్ ఎత్తకపోవడం వల్లే ఆగిపోయే అప్లికేషన్లు చాలా ఉంటాయి. అందుకని "ఫలానా సంస్థ నుంచి మీకు ఫోన్ వస్తుంది" అని రిసెప్షన్‌లో ముందే చెప్పి ఉంచాలి.

పెట్ ఫండ్ అనే ఇంకో సంస్థ ఉంది. పేరు చూసి ఎమర్జెన్సీకి అక్కడికి వెళ్లొద్దు, వాళ్లు అత్యవసరం కాని చికిత్సలకే ఇస్తారు. క్యాన్సర్, గుండె జబ్బు లాంటి దీర్ఘకాలపు ఖర్చులకు, వెయిటింగ్ లిస్టు ఉంటుంది. ఫ్రాంకీస్ ఫ్రెండ్స్ సంస్థ ఎమర్జెన్సీ, స్పెషలిస్టు చికిత్సలకు ఇస్తుంది. బతికి బాగుపడే అవకాశం బాగా ఉన్న కేసుల్నే తీసుకుంటుంది. ఇవి ఏవీ మొత్తం బిల్లు కట్టవు. రెండు మూడు చోట్ల నుంచి కొంత, మీ దగ్గర కొంత, మిగతాది కార్డు మీద అనుకుంటే లెక్క కుదురుతుంది. 3,000 బిల్లులో 500 తగ్గినా 11 నెలల వాయిదా 273 నుంచి 228కి దిగుతుంది. తీర్చగలమా లేదా అన్నది ఒక్కోసారి ఆ తేడా దగ్గరే తేలుతుంది.

గ్రాంట్ల కంటే కూడా ఎక్కువ డబ్బు మిగిల్చేది డాక్టరుతో మాట్లాడే రెండు నిమిషాలు. మనవాళ్లకు ఇక్కడ మొహమాటం ఎక్కువ. డబ్బు గురించి అడిగితే జంతువు మీద ప్రేమ లేదనుకుంటారేమో అని సంతకం పెట్టేస్తారు. అక్కర్లేదు. "డాక్టర్, నా దగ్గర పదిహేను వందలే ఉన్నాయి. ఇంతలో ఏం చేస్తే మంచిది?" అని నేరుగా అడగండి. ఎస్టిమేట్లో ఏది ఈ రాత్రికి తప్పనిసరి, ఏది రేపటికి ఆగుతుంది, ఏ పరీక్ష ఫలితం వచ్చినా చికిత్స మారదు అని ఒక్కో లైను మీద వేలు పెట్టి అడగండి. వెట్లు దీన్ని తప్పుగా తీసుకోరు. ఒకే జబ్బుకు ఖర్చును బట్టి మెట్లు మెట్లుగా చికిత్స చెప్పడం వాళ్ల చదువులోనే ఉంది.

పార్వో అనే వైరస్ జబ్బు దీనికి మంచి ఉదాహరణ. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. ఆసుపత్రిలో రోజుల తరబడి సెలైన్ మీద ఉంచితే బిల్లు వేలల్లోకి పోతుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వెట్లు దీనికి ఇంటి దగ్గర చేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. మొదట ఆసుపత్రిలో సెలైన్‌తో నిలబెట్టి, చాలా రోజులు పనిచేసే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఒకటి ఇచ్చి, ఆ తరవాత చర్మం కింద ఫ్లూయిడ్స్, వాంతులు ఆగే మందు ఇస్తూ రోజూ చూడటం. వాళ్ల అధ్యయనంలో ఆసుపత్రిలో ఉంచిన కుక్కపిల్లల్లో 90 శాతం బతికితే, ఈ పద్ధతిలో 80 శాతం బతికాయి. స్తోమత ఉంటే ఆసుపత్రే మేలు, సందేహం లేదు. కానీ డబ్బుల్లేక కళ్లు మూయించడమా, ఏమీ చేయకుండా ఇంటికి తెచ్చుకోవడమా అన్న రెండు దారులే ఉన్నాయనుకునేవాళ్లకి ఈ మూడో దారి తెలిసి ఉండాలి. తెలిసినవాళ్లే అడగగలరు.

ఎమర్జెన్సీ ఆసుపత్రిలో రాత్రికి ప్రాణం నిలబెట్టించి, తెల్లారాక మీ మామూలు క్లినిక్‌కి మార్చుకోవడం ఇంకో పద్ధతి. డాక్టరు ప్రయాణం చేయించొచ్చని చెబితేనే సుమా. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు ఈమెయిల్ చేయించుకోండి. లేకపోతే అవే పరీక్షలు రెండోచోట మళ్లీ చేసి మళ్లీ బిల్లు వేస్తారు.

కేర్‌క్రెడిట్ పక్కన మిగతావి

క్రెడిట్ స్కోరు బాగున్నవాళ్లకి కేర్‌క్రెడిట్ కంటే మామూలు బ్యాంకు ఇచ్చే సున్నా శాతం పరిచయ ఆఫర్ కార్డు కచ్చితంగా మెరుగు. అక్కడ గడువు దాటాక మిగిలిన బాకీకి, ఆ రోజు నుంచి మాత్రమే వడ్డీ. వెనక్కి వెళ్లి లెక్కగట్టడం ఉండదు. చిక్కల్లా కొత్త కార్డు చేతికి రావడానికి వారం పది రోజులు పట్టడం. అందువల్ల నెల తరవాతి మోకాలి ఆపరేషన్‌కి ఆ కార్డు, ఈ రాత్రి ఆపరేషన్‌కి కేర్‌క్రెడిట్.

స్క్రాచ్‌పే క్రెడిట్ కార్డు కాదు, ఆ ఒక్క బిల్లుకే ఇచ్చే వాయిదాల అప్పు. ఎంత వస్తుందో చూసుకోవడం వల్ల స్కోరు తగ్గదు. డిఫర్డ్ ఇంటరెస్ట్ మెలిక లేదు. రేటు మాత్రం స్కోరును బట్టి బాగా ఎక్కువ పడొచ్చు. నెల వాయిదా చిన్నగా కనిపించిందని మురిసిపోకుండా, వాయిదాలన్నీ కలిపి మొత్తం ఎంతవుతుందో చూసి పైన చెప్పిన 17.90 శాతం ప్లాన్‌తో పోల్చండి.

చందాలు అడిగేటప్పుడు గోఫండ్‌మీ ప్రతి విరాళం నుంచి 2.9 శాతం, ఆపై 30 సెంట్లు తీసుకుంటుంది. 100 ఇస్తే 96 డాలర్ల 80 సెంట్లు చేరుతుంది. వ్యాగిల్ అనేది జంతువుల కోసమే ఉన్నది, డబ్బు నేరుగా ఆసుపత్రికి వెళుతుంది కాబట్టి తెలియనివాళ్లు నమ్మి ఇస్తారు. మన వాట్సాప్ గ్రూపుల్లో అడిగేటప్పుడు మీ జెల్ (Zelle, బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే యాప్) నంబరు ఇచ్చే బదులు ఆసుపత్రి ఫోన్ నంబరు, మీ ఖాతా పేరు ఇచ్చి "నేరుగా అక్కడే కట్టండి" అని చూడండి. చాలా ఆసుపత్రులు ఫోన్లో కార్డు తీసుకుంటాయి. అనుమానం లేని చోట చేతులు త్వరగా కదులుతాయి.

ఇన్సూరెన్స్ ఈ బిల్లుకు అక్కరకు రాదు. జబ్బు బయటపడ్డాక తీసుకుంటే ముందున్న జబ్బు అని పక్కన పెడతారు. ముందే ఉన్నా చాలా కంపెనీల్లో మీరు కట్టి తరవాత క్లెయిమ్ చేసుకోవాలి. అలాంటప్పుడు క్లెయిమ్ డబ్బు వచ్చేదాకా వంతెనలా కేర్‌క్రెడిట్ బాగా పనిచేస్తుంది. ఆ డబ్బు రాగానే వచ్చింది వచ్చినట్టు కార్డుకే వేయాలి. ట్రూపానియన్ మాత్రం ఒప్పందమున్న ఆసుపత్రుల్లో నేరుగా ఆసుపత్రికే చెల్లిస్తుంది. ఆఫీసులో ఇచ్చే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా పక్కన పెట్టుకునే ఖాతాలు) డబ్బు పెంపుడు జంతువుకు వాడకూడదు. గైడ్ డాగ్ లాంటి సర్వీసు జంతువులకే మినహాయింపు. ఇది తెలియక వాడినవాళ్లు పన్నుల సమయంలో ఇబ్బంది పడతారు.

మందులు ఆసుపత్రి కౌంటర్లోనే కొనాలని లేదు. ప్రిస్క్రిప్షన్ రాసిమ్మని అడిగి కాస్ట్‌కో ఫార్మసీలోనో, మనుషుల మందుల షాపులో గుడ్‌ఆర్‌ఎక్స్ కూపన్‌తోనో తీసుకుంటే కొన్ని జెనెరిక్ మందులు చాలా తక్కువకు వస్తాయి. ఒక్క హెచ్చరిక. నొప్పికి రాసే గాబాపెంటిన్‌ను మనుషుల షాపులో తీసుకునేటప్పుడు క్యాప్సూల్సే తీసుకోండి. మనుషుల కోసం చేసిన ఆ మందు ద్రవంలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కుక్కలకు విషం. అలాగే ఇంట్లో ఉన్న టైలెనాల్ (మన పారాసెటమాల్) పిల్లికి ఎప్పుడూ వేయకూడదు.

ఇప్పటికే కేర్‌క్రెడిట్ తీసుకుని గడువు దగ్గరపడి ఇంకా బాకీ ఉన్నవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోవద్దు. 3,000లో 900 మిగిలి రెండు నెలలే ఉన్నాయనుకోండి. వేరే బ్యాంకు ఇచ్చే సున్నా శాతం బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కార్డుకు ఆ 900 మార్చుకుంటే ఫీజు సాధారణంగా 3 నుంచి 5 శాతం, అంటే 27 నుంచి 45 డాలర్లు. మార్చకపోతే పడేది ఏడెనిమిది వందల వడ్డీ. సింక్రొనీ వాళ్లదే ఇంకో కార్డుకు మార్చడం కుదరదు, వేరే బ్యాంకు కావాలి. అప్లికేషన్, కార్డు రావడం, డబ్బు చేరడం అన్నీ కలిపి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు కాబట్టి ఆరు వారాల ముందే మొదలుపెట్టాలి. డబ్బు చేరాక ఖాతాలోకి వెళ్లి ఆ ప్రమోషన్ లైను పక్కన సున్నా కనబడుతోందా అని కళ్లారా చూసుకోండి. నాలుగు డాలర్లో, నలభై సెంట్లో ఇంకా అక్కడ మిగిలి ఉంటే ఆ పూటే కట్టేయండి.